ముందు గోడ గురించి అడగండి

మొక్కల పని మీకు కొత్త కాదు. కడియం, కడియపులంక వైపు పుట్టినవాళ్ళయితే కవర్లలో మట్టి నింపడం, దుబ్బు విడదీసి నాటడం చిన్నప్పుడే చేతికి వచ్చేసి ఉంటుంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వెళ్ళినవాళ్ళయితే పొలం పని నేర్పిన ఓపిక ఎలాగూ ఉంది. దుబాయ్ వర్సాన్‌లోనో, షార్జాలోనో, అబుధాబిలోనో నర్సరీలో కుదురుకున్నారు. నీళ్ళు పెట్టడం, కుండీలు మార్చడం వరకూ ఏ ఇబ్బందీ లేదు.

మరి గేటు ముందు తెల్ల ల్యాండ్ క్రూజర్ ఆగి, కస్టమర్ లోపలికి నడిచి వస్తుంటే ఎందుకు నోరు పెగలదు? పక్కనున్న మలయాళీ అన్నయ్య గబగబా వెళ్ళి మాట్లాడేస్తుంటే మీరు పైపు పట్టుకుని ఎందుకు దూరం జరుగుతున్నారు? అరబిక్ రాదనా? ఇంగ్లీషు రాదనా?

భాష సంగతి తర్వాత చూద్దాం. ముందు ఏం అడగాలో తెలిస్తే, వచ్చీరాని మాటలతోనే చక్కగా అమ్మవచ్చు. ఈ అధ్యాయంలో వెదురునే ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఎందుకంటే నర్సరీకి వచ్చేవాళ్ళలో వెదురు కొనేవాళ్ళంత ఆశతో మరొకరు రారు. రెండు నెలలకు అంత కోపంతో తిరిగి వచ్చేవాళ్ళు కూడా తక్కువే.

ఆ ఆశ ఎక్కడిది? విల్లాకీ విల్లాకీ మధ్య ఒక్కటే గోడ. పక్కింటి మేడ మీది కిటికీ సరిగ్గా వీళ్ళ పెరట్లోకి తెరుచుకుంటుంది. ఇంట్లో ఆడవాళ్ళు బయట కూర్చోలేరు, పిల్లలు పూల్‌లోకి దిగలేరు. వెదురు తొందరగా పెరుగుతుందని ఎవరో చెప్పారు, వచ్చేశారు. వాళ్ళు అడిగేది వెదురు. వాళ్ళకు కావలసింది ఆ కిటికీ కనిపించకుండా పోవడం. ఈ రెంటికీ మధ్య దూరం ఎంతో కనుక్కోవడమే మీ పని.

ఒక శనివారం సాయంత్రం

ఎమిరాతీ మేడమ్ డ్రైవర్‌తో వచ్చారు. ఫోన్‌లో ఏదో రిసార్ట్ ఫొటో చూపించి, "ఇలాంటిదే కావాలి. కమ్?" అన్నారు. ఎంత అని అడుగుతున్నారు. చాలామంది ఇక్కడే జారిపోతారు. వరుసలో అన్నిటికన్నా ఎత్తయిన మొక్క దగ్గరికి తీసుకెళ్ళి ధర చెప్పేస్తారు. ఆ తర్వాత జరిగేదంతా బేరమే, మొక్క గురించి ఒక్క మాట ఉండదు.

అలా కాకుండా ఇలా మాట్లాడి చూడండి. హిందీలో చాలు, ఇక్కడ చాలామంది ఎమిరాతీలకు అర్థమవుతుంది.

"చాలా బాగుంది మేడమ్. దీన్ని పెట్టబోయే గోడ ఫొటో ఉందా?"

ఆవిడ వెతికి ఒక వీడియో చూపిస్తారు. గోడ, దాని ముందు గచ్చు, పక్కన పూల్.

"ఎండ ఎప్పుడు పడుతుంది మేడమ్? పొద్దున్నా, అసర్ వేళా?"

"అసర్ నుంచి మగ్రిబ్ వరకూ ఎండే. నిలబడలేం."

పడమటి ఎండ. ఒక సంగతి తెలిసింది. గోడ పొడవు అడిగితే పన్నెండు మీటర్లన్నారు. అందులో మూడు మీటర్లు పూల్ అంచుకు ఆనుకునే ఉన్నాయి.

"వెదురు ఏడాది పొడుగునా ఆకు రాలుస్తుంది మేడమ్. ఆ మూడు మీటర్లలో పెడితే ఆకంతా పూల్ ఫిల్టర్‌లోకి పోతుంది, మీ పూల్ క్లీనర్ రోజూ తిట్టుకుంటాడు. అక్కడ చెక్క జాలీ కట్టించుకోండి. మిగిలిన తొమ్మిది మీటర్లకు ఆరు మొక్కలు చాలు."

ఆవిడ పది మొక్కలు కొందామని వచ్చి ఉండవచ్చు. మీరు నాలుగు తగ్గించారు. మీ మేనేజర్ ముఖం చిన్నబుచ్చుకున్నా కంగారు పడకండి. తనకు పనికిరానిది అంటగట్టని మనిషిని ఆవిడ గుర్తు పెట్టుకుంటారు. ఆవిడకు అక్కచెల్లెళ్ళున్నారు, వాళ్ళకీ విల్లాలున్నాయి.

ఈ అయిదూ అడగందే మొక్క చూపించకండి

1. ఎండ ఎటు నుంచి? పొద్దుటి ఎండ అయితే దాదాపు ఏ వెదురైనా తట్టుకుంటుంది. పడమటి గోడకు ఆనించి పెడితే ఎండ ఒక దెబ్బ, గోడ వదిలే వేడి ఇంకో దెబ్బ. గోడకు కనీసం ముప్పావు మీటరు ఎడంగా నాటమనండి.

2. గాలి ఎలా ఉంటుంది? షమాల్ వీచే రోజుల్లో వాయవ్యం నుంచి వచ్చే దుమ్ముగాలి వెదురాకును ఎండ కన్నా ఎక్కువ కాలుస్తుంది. మూల ప్లాట్లు, పక్కన ఖాళీ ఇసుక ఉన్న ఇళ్ళు అయితే తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఇది. మొదటి వేసవి గడిచేదాకా ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టమని చెప్పండి.

3. నేలలోనా, కుండీలోనా? నేలలో అయితే మట్టి మార్చాలి. ఇక్కడి ఇసుకలో ఉప్పు ఎక్కువ. అందుకే స్వీట్ సాయిల్ అనే ఉప్పు తక్కువ మట్టి, కంపోస్టు కలిపి నింపుతారు. గుంట వేరుముద్ద వెడల్పుకు రెండింతలుండాలి, లోతు మాత్రం ముద్దంతే ఉండాలి. కుండీ అయితే అడుగున రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోమనండి. ఎడారిలో నీళ్ళు నిలుస్తాయా అని కస్టమర్ నవ్వితే 2024 ఏప్రిల్ 16 గుర్తు చేయండి. ఆ వానలో అల్ ఐన్ దగ్గరి ఖత్మ్ అల్ షక్లాలో ఇరవైనాలుగు గంటలు నిండకుండానే 254 మిల్లీమీటర్లు కురిసింది. నీరు పోయే దారి లేని కుండీలు, గుంటలు అంత నీటిని తట్టుకోలేవు.

4. నీళ్ళు ఎవరు పెడతారు? వెదురు అమ్మకంలో అసలు ప్రశ్న ఇదే, అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. డ్రిప్ ఉందా, టైమర్ ఉందా? వేసవిలో నెల రోజులు ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు? ఇక్కడి కుటుంబాల్లో చాలామంది జులై, ఆగస్టుల్లో దేశంలోనే ఉండరు. డ్రిప్ టైమర్ బ్యాటరీ అయిపోయిందంటే వారం తిరక్కుండానే మొక్క ఎండిపోతుంది. కొన్ని చోట్ల తోటలకు శుద్ధి చేసిన మురుగునీరు వస్తుంది. అందులో ఉప్పు కొంచెం ఎక్కువుంటే ఆకు కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. అప్పుడప్పుడు మంచినీళ్ళు బాగా లోతుకు దిగేలా పెట్టి ఉప్పును కడిగెయ్యాలని ముందే చెప్పండి.

5. ఎంత ఎత్తు, ఎప్పటికి? ఇది విడిగా మాట్లాడుకోవాల్సిన సంగతి.

ఎత్తు గురించి అబద్ధం ఆడకండి

"ఇది ఎంత పెరుగుతుంది?" అని కస్టమర్ ఒక గడను పట్టుకుని అడుగుతాడు. "ఏడాదిలో డబుల్ అవుతుంది సార్" అనే జవాబు నాలుక చివరే ఉంటుంది. అనకండి. ఆ గడ ఇక పెరగదు.

వెదురు గడ్డిజాతి. పిలక నేలలోంచి వచ్చేటప్పుడే తన పూర్తి లావుతో వస్తుంది. రెండు మూడు నెలల్లో ఎదగాల్సినంత ఎదిగి ఆగిపోతుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నిలబడుతుందే కానీ అంగుళం కూడా పెరగదు, లావెక్కదు. రవాణా కోసం తల కోసిన గడ అయితే కణుపుల దగ్గర కొమ్మలు వేస్తుంది తప్ప మళ్ళీ పైకి లేవదు. ఎత్తు పెరిగేది దుబ్బు. ఈ ఏడాది పిలకల కన్నా వచ్చే ఏడాది పిలకలు ఎత్తుగా, లావుగా వస్తాయి. అరటిచెట్టు పక్కన పిలకలు చూసిన మనకు ఇది చెప్పక్కర్లేదు. ఎప్పుడూ తోట చూడని కస్టమర్‌కు ఎలా తెలుస్తుంది?

అందుకే చేత్తో చూపించి చెప్పండి. పాత గడ మీద చెయ్యి పెట్టి, "ఇది ఇంతే." మొదట్లో మట్టి కొంచెం జరిపి, మొనదేలిన పిలక కనిపిస్తే దాన్ని చూపించి, "పెరిగేది ఇది." అలా కళ్ళతో చూసినవాడు రెండు నెలల తర్వాత ఫోన్ చేసి మోసం చేశావని అరవడు. ఇప్పటికిప్పుడు కిటికీ మూసెయ్యాలి అంటే ఎత్తయిన పెద్ద దుబ్బులే కొనాలి, డబ్బు ఎక్కువవుతుంది. ఆగగలను అంటే చిన్నవి కొని, రెండు మూడు వేసవులు ఓపిక పట్టాలి. రెండు దారులూ చెప్పి, నిర్ణయం వాళ్ళకే వదలండి.

ఇంకో జాగ్రత్త. గుంపుగా ఒకే చోట ఉండే వెదురు వేరు, నేల కింద వేరు పాకించి పది అడుగుల అవతల మొలిచే వెదురు వేరు. పక్కింటి గోడ, టైల్స్, పైపులు ఉన్న చోట మీరు ఇవ్వవలసింది గుంపు వెదురే. పసుపు గడల గోల్డెన్ బాంబూ, సన్నాకుల మల్టీప్లెక్స్, బుద్ధ బెల్లీ, మన నర్సరీలవాళ్ళకు తెలిసిన ఈ మూడూ గుంపు రకాలే. అయితే గోల్డెన్ బాంబూ పేరుతో పాకే రకం కూడా ఒకటి చలామణిలో ఉంది. పేరు నమ్మకుండా వేరు చూసి అమ్మండి.

మన తెలుగువాళ్ళు వచ్చినప్పుడు

"అన్నా, మనోళ్ళేనా? ఏ ఊరు?"

"జగిత్యాల దగ్గర మేడమ్."

"మాది భీమవరం. అన్నా, ఇంట్లో పెట్టుకునే వెదురు మొక్క కావాలి. చిన్నది, గాజు గ్లాసులో ఉంటది కదా?"

వీళ్ళు అడుగుతున్నది లక్కీ బాంబూ. అది వెదురే కాదు, మధ్య ఆఫ్రికా నుంచి వచ్చిన డ్రసీనా జాతి మొక్క. ఈ మాట చెప్పాలా, ఊరుకోవాలా? చెప్పాలి, మెల్లగా చెప్పాలి. ఎందుకంటే వెదురనుకుని తీసుకెళ్ళి బాల్కనీలో ఎండలో పెడితే మూడో రోజుకే ఆకు మాడిపోతుంది. "ఇది నీడ మొక్క అమ్మా, ఎండ తగలనీయకండి, వారానికోసారి నీళ్ళు మార్చండి, కొళాయి నీళ్ళతో ఆకు కొస ఎండితే బాటిల్ నీళ్ళు పొయ్యండి" అని చెబితే సరిపోతుంది. అదృష్టం వస్తుందా రాదా అన్న చర్చలోకి మీరు దిగొద్దు. వాళ్ళ నమ్మకం వాళ్ళది.

మన ఊరివాళ్ళని ధర తగ్గించాలా అన్నది అందరికీ వచ్చే ఇరకాటమే. షాపు మీది కానప్పుడు ధర మీ చేతిలో లేదు. "ధర సేఠ్‌ది అక్కా, నా చేతిలో ఉన్నది మంచి మొక్క ఏరి ఇవ్వడం" అనండి. వరుసలోకి వెళ్ళి, నిజంగానే పిలకలున్న దుబ్బు ఏరి తీసుకురండి. డిస్కౌంట్ కన్నా అది పెద్ద ఉపకారం.

పొద్దున మీరు చేసే పనే సాయంత్రం అమ్ముతుంది

కస్టమర్ సాయంత్రం నాలుగు దాటాక వస్తాడు, వేసవిలో అయితే మగ్రిబ్ తర్వాతే. ఎక్కువ రద్దీ శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకూ. రంజాన్ నెలలో పగలంతా ఖాళీగా ఉన్నా తరావీహ్ నమాజ్ అయ్యాక కార్లు వరుస కడతాయి. మరి అంతవరకూ మీ చేతుల్లో ఏముంది?

పొద్దున్నే, ఎండ ఎక్కకముందు వెదురు వరుసలో నడవండి. ఆకు నిలువునా చుట్టుకుని సూదిలా ఉందంటే దానికి దాహం వేస్తోందన్నమాట. ఎండలో పడి ఉన్న పైపు విప్పేటప్పుడు మాత్రం మొదట వచ్చే నీళ్ళు మొక్కకు పెట్టకండి. ఆ నల్లపైపులోని నీళ్ళు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి. పక్క ఇసుకలోకి వదిలి, వేళ్ళతో తాకి చూసి, చల్లబడ్డాకే కుండీలో పెట్టండి. వేసవిలో మధ్యాహ్నం దాటాక అయితే ట్యాంకు నీళ్ళే వేడిగా ఉంటాయి. అందుకే ముఖ్యమైన తడి తెల్లవారకముందే అయిపోవాలి.

తర్వాత ఆకుల మీద దుమ్ము కడగండి. దుమ్ము పట్టిన వెదురు మొక్క చచ్చిపోతున్నట్టే కనిపిస్తుంది, కడిగితే అదే మొక్క కొత్తదిలా నిలబడుతుంది. ఆకు అడుగున తెల్లటి పిండినల్లి, సన్నటి గూళ్ళు కట్టే నల్లి ఉన్నాయేమో తిప్పి చూడండి. కస్టమర్ కూడా తిప్పి చూస్తాడు. ఎండిన గడలు మొదటికంటా కోసెయ్యండి. రాలిన ఆకు మాత్రం కుండీలో మట్టి మీదే ఉంచండి, తేమ నిలుస్తుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకూ మధ్యాహ్నం 12:30 నుంచి 3:00 దాకా ఎండలో పని చేయించకూడదన్నది ఈ దేశపు చట్టం. ఉల్లంఘిస్తే యజమానికి ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హమ్‌ల చొప్పున, గరిష్ఠంగా 50,000 వరకూ జరిమానా. ఆ సమయంలో "ఆ నాలుగు కుండీలే కదా" అనుకుని మీ అంతట మీరు కూడా ఎండలోకి దిగకండి. ఇంటి దగ్గర మీ మీద ఆధారపడ్డవాళ్ళున్నారు. విశ్రాంతి అయ్యాక మిగిలిన కాసేపట్లో నీడన కూర్చుని లేబుళ్ళు రాసుకోండి. ప్రతి కుండీ మీదా మొక్క పేరు, ఎత్తు మీటర్లలో, 5 శాతం వ్యాట్ కలిపిన ధర ఉండాలి. లేబుల్ ఉన్న చోట భాష రాని భయం సగానికి సగం తగ్గుతుంది. మిగతా సగానికి కొన్ని మాటలు చాలు. షమ్స్ అంటే ఎండ, మాయ్ అంటే నీళ్ళు, కుల్ యోమ్ అంటే ప్రతిరోజూ, వాజిద్ అంటే చాలా. వెదురును ఖైజరాన్ అంటారు. ఈ మాటలు తప్పుగా పలికితే ఎవరూ నవ్వరు, దిద్దుతారు. దిద్దించుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

1. ఫోన్ చూస్తూ కస్టమర్ వెనకాల నడవడం. వచ్చినవాళ్ళకు సలాం చెప్పి, ఒక్క నిమిషం వాళ్ళను వాళ్ళంతట తిరగనివ్వండి. ఏ మొక్క దగ్గర ఆగారో చూసి అప్పుడు దగ్గరికి వెళ్ళండి.

2. "ఆఖిర్ కమ్?" అనగానే తగ్గించడం. మొదటి మాటకే తగ్గిస్తే మొదటి ధర అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టు. ధర అలాగే ఉంచి, నాటడమో, ఒక బస్తా కంపోస్టో కలపగలరేమో మేనేజర్‌ను అడగండి.

3. తెలియని ప్రశ్నకు "మాఫీ ముష్కిల్" అనేయడం. ఏ సమస్యా లేదని మాటిచ్చాక వచ్చే ప్రతి సమస్యా మీదే అవుతుంది. "కనుక్కుని సాయంత్రం వాట్సాప్ చేస్తాను" అనండి, చేయండి.

4. డెలివరీని డ్రైవర్‌కు వదిలేయడం. పచ్చగా పంపిన మొక్క ఇంటికి చేరేసరికి మాడి ఉంటే ఎవరిది తప్పు? ఓపెన్ పికప్‌లో నిలబెట్టి, హైవే మీద వంద వేగంతో వేడిగాలిలో తీసుకెళ్తే అరగంటలో ఆకులు ఎండుతాయి. పడుకోబెట్టాలి, షేడ్ నెట్‌తో చుట్టి కట్టాలి, ఎక్కించే ముందు వేరుముద్ద నిండా తడపాలి. కొన్ని విల్లా కమ్యూనిటీల గేటు దగ్గర ముందుగా పర్మిషన్ లేకపోతే బండి ఆపేస్తారు. మొక్కలు ఎండలో ఆగిపోకుండా కస్టమర్‌ను ముందు రోజే గేటు పాస్ అడగండి.

కోపంగా తిరిగి వచ్చినవాళ్ళతో

"మీరిచ్చిన మొక్క చచ్చిపోయింది." ఈ మాట విననివాళ్ళు ఈ వ్యాపారంలో లేరు. మీ గొంతు పెంచకండి, తప్పు మీది కాదని మొదటి వాక్యంలోనే చెప్పకండి. ముందు ఫొటో అడగండి, ఆకుది ఒకటి, మొదలుది ఒకటి. తర్వాత నీళ్ళు ఎప్పుడెప్పుడు పెడుతున్నారో అడగండి.

కొత్తగా నాటిన వెదురు బెదిరి ఆకంతా రాల్చేయడం మామూలే. గడ పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. మొదట్లో వేలు గుచ్చి చూడమనండి, వేలి రెండు కణుపుల లోతున తడి తగలాలి. తగలకపోతే నీళ్ళు పైపైనే పోతున్నాయి. ఎప్పుడూ బురదగా ఉండి వాసన వస్తుంటే నీళ్ళు ఎక్కువైనట్టు. ఆకు కొసలే ఎండితే ఉప్పు. వసంతంలో కొత్తాకు వస్తూ పాతాకు పసుపెక్కి రాలుతుంటే జబ్బేమీ లేదు, అది దాని రివాజు. ఇంత ఓపిగ్గా అడిగేసరికి ఎదుటివాళ్ళ కోపం చాలావరకు దిగిపోతుంది. నిజంగా మొక్కే చెడ్డదైతే మార్చి ఇమ్మని మీరే మేనేజర్‌తో గట్టిగా మాట్లాడండి, కస్టమర్ చూస్తుండగా మాట్లాడండి.

జులైలో వచ్చినవాళ్ళను పోగొట్టుకోకండి

నడి ఎండాకాలంలో గోడ పొడుగునా వెదురు కావాలని వస్తారు. అమ్మేస్తే ఆ రోజు లెక్క బాగుంటుంది. కానీ డ్రిప్ లేని పడమటి గోడకు జులైలో నాటిన మొక్కలు ఎన్ని మిగులుతాయో మీకు తెలుసు. "అక్టోబర్‌లో పెడదాం సార్, అప్పటి నుంచి ఏప్రిల్ దాకా వేళ్ళు దిగడానికి టైముంటుంది" అని చెప్పండి. ఈలోగా గుంటలు తవ్వించి, మట్టి మార్పించి, డ్రిప్ వేయించుకోమనండి. ఆ పనుల్లో స్వీట్ సాయిల్, కంపోస్టు, పైపులు ఎలాగూ మీ దగ్గరే కొంటారు.

ఇందుకు ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తెలుగులోనే రాసుకోండి, ఎవరికీ చూపించక్కర్లేదు. కస్టమర్ పేరు, ఏరియా, గోడ ఎన్ని మీటర్లు, ఎండ ఎటు, పూల్ ఉందా, నీళ్ళు ఎవరు పెడతారు, ఎన్ని మొక్కలు చాలన్నారు, వాట్సాప్ నంబరు. సెప్టెంబర్ ఆఖరి వారంలో పుస్తకం తెరిచి ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టండి. "సలాం సార్, మిర్దిఫ్ విల్లా, తొమ్మిది మీటర్ల గోడ, ఆరు మొక్కలు. పిలకలున్న దుబ్బులు పక్కన పెట్టాను. ఏ రోజు పంపమంటారు?"

గోడ కొలతతో సహా గుర్తు పెట్టుకున్న నర్సరీని వదిలి వాళ్ళు వేరే చోట ఎందుకు బేరమాడతారు?